ఆన్‌లైన్‌లో క్రైస్తవ వేదాంత విద్య: దరఖాస్తుకు ముందు తేల్చుకోవలసిన విషయాలు

ఉద్యోగం మానకుండా, ఊరు విడవకుండా క్రైస్తవ వేదాంతశాస్త్రం అభ్యసించదలచినవారికి నేడు అనేక మార్గాలు అందుబాటులో ఉన్నాయి. ఫోనులోనే దరఖాస్తు నింపి, రుసుము చెల్లించి, కొద్ది రోజుల్లోనే తరగతులకు హాజరు కావచ్చునని ప్రకటించే సంస్థలు దేశంలోనూ విదేశాల్లోనూ ఉన్నాయి. దరఖాస్తు సులభమైన కొద్దీ అభ్యర్థి ముందుగా అడగవలసిన ప్రశ్న మరుగున పడుతోంది. చదువు పూర్తయ్యాక చేతికి వచ్చే పట్టాను ఎవరు అంగీకరిస్తారు? ప్రభుత్వమా, మరో వేదాంత కళాశాలా, లేక అభ్యర్థి సేవ చేయదలచిన సంఘమా? ఈ ముగ్గురి అంగీకారం ఒకటి కాదు. ఒకరు ఆమోదించిన పట్టాను మరొకరు తిరస్కరించవచ్చు. కాబట్టి దరఖాస్తు పత్రం తెరవడానికి ముందే ఈ భేదాన్ని గ్రహించడం అవసరం.

ప్రయోజనాన్ని బట్టి ఎంపిక

వేదాంత విద్యకు దరఖాస్తు చేసేవారిని స్థూలంగా మూడు వర్గాలుగా చూడవచ్చు. బైబిలును క్రమపద్ధతిలో అధ్యయనం చేయాలనుకునే సాధారణ విశ్వాసులు, సండే స్కూలు ఉపాధ్యాయులు, ఇప్పటికే చిన్న సంఘాలను నడుపుతున్న కాపరులు మొదటి వర్గం. వీరికి పట్టా కంటే పాఠ్యాంశం, బోధన నాణ్యత ముఖ్యం. ఏదైనా సంఘ సమాఖ్యలో పాస్టరుగా అభిషేకం పొందగోరేవారు రెండో వర్గం. ఆ సమాఖ్య ఏ కళాశాలల పట్టాలను అంగీకరిస్తుందన్నదే వీరికి నిర్ణయాత్మకం. ఉన్నత పరిశోధనకు, అధ్యాపక వృత్తికి, లేదా ప్రభుత్వ, విశ్వవిద్యాలయ ఉద్యోగాలకు పట్టాను వాడుకోవాలనుకునేవారు మూడో వర్గం. వీరు పట్టాకు ఉన్న చట్టపరమైన ఆధారాన్ని కూడా పరిశీలించాలి.

మొదటి వర్గానికి సర్టిఫికెట్ లేదా డిప్లొమా కోర్సు సరిపోవచ్చు. అందుకు పెద్ద రుసుము చెల్లించి ‘డిగ్రీ’ అని పేరున్న కోర్సులో చేరనవసరం లేదు. రెండో వర్గంవారు దరఖాస్తుకు ముందే తమ డయాసిస్ లేదా సమాఖ్య కార్యాలయంలో విచారించాలి. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) వంటి సమాఖ్యల్లో అభ్యర్థిని ముందు డయాసిస్ ఎంపిక చేసి, ఆ తరువాతే వేదాంత కళాశాలకు పంపే ఆనవాయితీ ఉంది. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, సొంతంగా ఆన్‌లైన్ పట్టా సంపాదించి అభిషేకం కోరితే ఫలితం దక్కకపోవచ్చు. స్వతంత్ర సంఘాల్లో ఇటువంటి నియమం సాధారణంగా ఉండదు. అక్కడ అభిషేకం ఆ సంఘ పెద్దల నిర్ణయంపైనే ఆధారపడుతుంది.

‘గుర్తింపు’ అనే మాటకు పలు అర్థాలు

కళాశాలల ప్రకటనల్లో తరచుగా కనిపించే మాట ‘గుర్తింపు పొందినది’. ఎవరి గుర్తింపు, దేనికి గుర్తింపు అన్నది మాత్రం అన్ని ప్రకటనల్లోనూ స్పష్టంగా ఉండదు.

మొదటిది చట్టపరమైన అధికారం. 1956 నాటి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ప్రదానం చేసే హక్కు కేంద్ర, రాష్ట్ర చట్టాల ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ హోదా పొందిన సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. ఇటువంటి చట్టపరమైన స్థాపన లేని సంస్థ తన పేరులో ‘యూనివర్సిటీ’ అనే పదాన్ని వాడుకోరాదని 23వ సెక్షన్ నిషేధిస్తోంది.

వేదాంత విద్యకు సంబంధించి భారతదేశంలో విశిష్టమైన చరిత్ర పశ్చిమ బెంగాల్‌లోని శ్రీరాంపూర్ కళాశాలది. విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ 1818లో దానిని స్థాపించారు. అప్పట్లో శ్రీరాంపూర్ డెన్మార్క్ పాలనలో ఉండేది. డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ 1827లో ఇచ్చిన రాజశాసనం ఆ కళాశాలకు డిగ్రీలు ప్రదానం చేసే అధికారాన్ని కల్పించింది. 1845లో ఆ పట్టణం బ్రిటిషువారి వశమైంది. 1918లో చేసిన శ్రీరాంపూర్ కళాశాల చట్టంతో సెనేట్ ఏర్పడింది. దేశంలోని వివిధ సంఘాలకు చెందిన అనేక వేదాంత కళాశాలలు ఈ సెనేట్‌కు అనుబంధంగా పనిచేస్తున్నాయి. వాటిలో చదివిన విద్యార్థులకు పట్టా ఇచ్చేది సెనేటే. 1964లో రాజమండ్రిలో ఏర్పడి తరువాత హైదరాబాద్‌కు తరలిన ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ కూడా ఈ సెనేట్‌కు అనుబంధ సంస్థే. శ్రీరాంపూర్‌కు తెలుగుతో ఉన్న సంబంధం అంతకంటే పాతది. కేరీ రచించిన తెలుగు వ్యాకరణం 1814లో అక్కడే అచ్చయింది.

శ్రీరాంపూర్ పట్టా చేతిలో ఉన్నంత మాత్రాన లౌకిక విశ్వవిద్యాలయాలన్నీ దానిని ఒకే విధంగా పరిగణిస్తాయని భావించరాదు. పీజీ కోర్సులో లేదా పరిశోధనలో ప్రవేశానికి దానిని అర్హతగా తీసుకోవాలా వద్దా అన్నది ఆయా విశ్వవిద్యాలయాల నిబంధనలను అనుసరించి ఉంటుంది. అటువంటి ఉద్దేశమున్నవారు ముందుగానే సంబంధిత విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి లిఖితపూర్వక సమాధానం పొందడం మంచిది.

రెండోది వృత్తిపరమైన ప్రమాణీకరణ. 1970లో ఏర్పడిన ఆసియా థియలాజికల్ అసోసియేషన్ (ఏటీఏ) ఇందుకు ఉదాహరణ. అధ్యాపకుల అర్హతలు, గ్రంథాలయం, పాఠ్య ప్రణాళిక, పరిపాలన వంటి అంశాలను పరిశీలించి ఈ సంస్థ కళాశాలలకు అక్రెడిటేషన్ ఇస్తుంది. ఇవాంజెలికల్ వేదాంత కళాశాలల మధ్య దీనికి విలువ ఉంది. ఒక ఏటీఏ కళాశాల పట్టాతో మరొకచోట పై చదువుకు దరఖాస్తు చేయవచ్చు. అయితే ఇది ప్రభుత్వ గుర్తింపు కాదు. మంచి పేరున్న సంస్థలు తమ ప్రాస్పెక్టస్‌లో ఈ సంగతిని స్వయంగా స్పష్టం చేస్తాయి.

మూడోది సంఘం ఇచ్చే ఆమోదం. దీనికి చట్టంతో గాని అక్రెడిటేషన్‌తో గాని నేరుగా సంబంధం లేదు. కథోలిక సంఘంలో వేదాంత విద్యకు పూర్తిగా వేరైన వ్యవస్థ ఉంది. పుణేలోని జ్ఞానదీప, బెంగళూరులోని ధర్మారాం విద్యాక్షేత్రం వంటి సంస్థలు వాటికన్ నిబంధనలకు లోబడి పట్టాలు ఇస్తాయి.

వీటికి తోడు మరికొన్ని ధ్రువపత్రాలు ప్రకటనల్లో గుర్తింపు వేషం వేసుకుని కనిపిస్తాయి. సొసైటీ లేదా ట్రస్టుగా రిజిస్ట్రేషన్, ఐఎస్ఓ సర్టిఫికెట్, నీతి ఆయోగ్ దర్పణ్ సంఖ్య, ఎంఎస్ఎంఈ నమోదు మొదలైనవి ఈ కోవలోనివి. సంస్థ అస్తిత్వానికో, దాని నిర్వహణ పద్ధతికో మాత్రమే ఇవి సాక్ష్యం. వీటిలో ఏ ఒక్కటీ డిగ్రీ ఇచ్చే అధికారాన్ని కల్పించదు.

తెలుగునాట రెండు హెచ్చరికలు

యూజీసీ విడుదల చేసిన నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన రెండు పేర్లున్నాయి. ఒకటి గుంటూరు చిరునామాతో ఉన్న ‘క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ’, రెండోది విశాఖపట్నం చిరునామాతో ఉన్న ‘బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా’. రెండింటి పేర్లలోనూ క్రైస్తవ విద్యకు సంబంధించిన మాటలుండటం తెలుగు అభ్యర్థులు ప్రత్యేకంగా గమనించదగిన విషయం. జాబితా యూజీసీ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంటుంది. ఏ సంస్థకు రుసుము చెల్లించేముందైనా దానిని ఒకసారి సరిచూసుకోవాలి.

జాబితాలో పేరు లేనంత మాత్రాన సంస్థకు డిగ్రీ ఇచ్చే అధికారం ఉన్నట్లు కాదు. యూజీసీ దృష్టికి రానివి, ‘యూనివర్సిటీ’ అని కాక ‘సెమినరీ’, ‘ఇన్‌స్టిట్యూట్’ అనే పేర్లతో నడిచేవి ఆ జాబితాలో ఉండకపోవచ్చు. మరో సంగతి, చట్టాన్ని ఉల్లంఘించిన సంస్థలకు యూజీసీ చట్టంలోని 24వ సెక్షన్ నిర్దేశించిన జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలే. మోసపోయిన విద్యార్థి కోల్పోయే సంవత్సరాలతో పోలిస్తే ఇది నామమాత్రం. అందువల్ల విచారణ భారం ఆచరణలో విద్యార్థిపైనే పడుతోంది.

‘గౌరవ డాక్టరేట్’ పేరిట వచ్చే ఆహ్వానాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. చదువు గాని పరిశోధన గాని లేకుండా, సభా ఖర్చుల నిమిత్తమంటూ కొంత మొత్తం తీసుకుని పేరుకు ముందు ‘డాక్టర్’ అని చేర్చుకొమ్మనే సంస్థ విద్యాసంస్థగా పరిగణించదగినది కాదు.

ఆన్‌లైన్ డిగ్రీ, దూరవిద్య, విస్తరణ విద్య

‘ఆన్‌లైన్ డిగ్రీ’ అనే మాటకు యూజీసీ నిబంధనల్లో నిర్దిష్టమైన అర్థం ఉంది. సార్వత్రిక, దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకు సంబంధించి 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయం ఒక్కో కోర్సుకు అర్హత లేదా అనుమతి కలిగి ఉండాలి. ఫ్రాంచైజీ పద్ధతిలో మరో సంస్థ ద్వారా కోర్సు నడపడానికి వీల్లేదు. ఫలానా విశ్వవిద్యాలయం డిగ్రీ తమ కేంద్రం ద్వారా లభిస్తుందని స్థానిక బైబిలు శిక్షణ కేంద్రం చెబితే అనుమానించవలసిందే.

ఇటువంటి కోర్సుల్లో చేరే విద్యార్థి యూజీసీ దూరవిద్యా విభాగం పోర్టల్‌లో ‘డెబ్ ఐడీ’ పొందడం 2024 నుంచి తప్పనిసరైంది. ఇందుకు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ సంఖ్య కూడా ఉండాలి. అభ్యర్థికి ఇది సులువైన పరీక్షగా ఉపకరిస్తుంది. తమది యూజీసీ అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ అని చెప్పుకునే సంస్థ డెబ్ ఐడీ అడగకపోతే ఆ మాటలో నిజం లేదని గ్రహించవచ్చు. ఏటీఏ కళాశాలలు, సంఘాలు నడిపే శిక్షణ కేంద్రాలు ఈ వ్యవస్థ పరిధిలోకి రావు. అవి డెబ్ ఐడీ అడగకపోవడం తప్పు కాదు. తమకు యూజీసీ గుర్తింపు ఉందని చెప్పుకుంటేనే తప్పు.

రెగ్యులర్ డిగ్రీ చదువుతూనే వేదాంత కోర్సు చేయదలచిన విద్యార్థులు తరచు అడిగే సందేహం ఒకటుంది. ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది. ఒకటి కళాశాలకు వెళ్ళి చదివేది, మరొకటి దూరవిద్య లేదా ఆన్‌లైన్ విధానంలోనిది కావచ్చు. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల విషయంలో ఆ సౌలభ్యం యూజీసీ గుర్తింపు ఉన్న సంస్థలకే వర్తిస్తుంది.

ఇంటి నుంచి వేదాంత విద్య అన్నది ఇంటర్‌నెట్‌తో పుట్టిన ఆలోచన కాదు. 1963లో గ్వాటెమాలాలోని ఒక ప్రెస్బిటేరియన్ సెమినరీ, గ్రామాల్లో పనిచేస్తున్న కాపరులను కళాశాలకు రప్పించడానికి బదులు పాఠాన్నే వారి దగ్గరకు పంపే పద్ధతిని ప్రారంభించింది. విస్తరణ వేదాంత విద్యగా పేరుపొందిన ఆ విధానం భారతదేశానికీ వచ్చింది. బెంగళూరు కేంద్రంగా పనిచేస్తున్న ‘టాఫ్టీ’ ఆ ఉద్యమ ఫలమే. విద్యార్థి ఇంటి దగ్గర పాఠం చదువుకుని, నియమిత కాలంలో సహవిద్యార్థులతో కూర్చుని బోధకుడి సమక్షంలో చర్చించడం ఈ విధానం ప్రత్యేకత. శ్రీరాంపూర్ సెనేట్ కూడా కోల్‌కతాలోని తన విస్తరణ కేంద్రం ‘సెప్టర్’ ద్వారా క్రైస్తవ అధ్యయనాల్లో డిప్లొమా, బీసీఎస్ కోర్సులను బయటి అభ్యర్థులకు అందిస్తోంది. ఉద్యోగస్తులైన విశ్వాసులకు ఇవి అనువైనవి. అయితే బీసీఎస్, బీడీ రెండూ ఒకటి కావు. బీడీ ప్రధానంగా పరిచర్యకు సిద్ధపరచే పట్టా. బీసీఎస్ సాధారణ విశ్వాసులను దృష్టిలో పెట్టుకుని రూపొందినది.

విదేశీ సెమినరీలకు దరఖాస్తు

అమెరికా సెమినరీల ఆన్‌లైన్ కోర్సులకు తెలుగు అభ్యర్థుల్లో ఆదరణ ఉంది. అక్కడ ప్రభుత్వం నేరుగా కళాశాలలకు అక్రెడిటేషన్ ఇవ్వదు. అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థలను అమెరికా విద్యాశాఖ గుర్తిస్తుంది. వేదాంత విద్యలో అసోసియేషన్ ఆఫ్ థియలాజికల్ స్కూల్స్ (ఏటీఎస్) అటువంటి సంస్థల్లో ప్రముఖమైనది. అభ్యర్థి ఎంచుకున్న కళాశాల పేరు అమెరికా విద్యాశాఖ డేటాబేస్‌లో ఉందో లేదో ఇంటి నుంచే చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫ్లోరిడా వంటి కొన్ని రాష్ట్రాల్లో మతపరమైన డిగ్రీలు మాత్రమే ఇచ్చే సంస్థలకు లైసెన్సు నుంచి మినహాయింపు లభిస్తుంది. అటువంటి సంస్థ తాను రాష్ట్ర చట్టం ప్రకారం నడుస్తున్నానని చెబితే అది అబద్ధం కాదు. కాని ఆ మినహాయింపు అక్రెడిటేషన్‌తో సమానం కాదు. ‘ఫ్లోరిడా రాష్ట్ర అనుమతి ఉంది’ అనే వాక్యాన్ని చూసి అమెరికా ప్రభుత్వ గుర్తింపు ఉందని అర్థం చేసుకోరాదు.

విదేశీ పట్టాను భారతదేశంలో ఉద్యోగానికో పై చదువుకో వాడుకోదలచినవారు సమానత ధ్రువీకరణ గురించి కూడా ముందే ఆలోచించాలి. ఈ విషయమై యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. విదేశంలో అక్రెడిటేషన్ ఉన్నంత మాత్రాన ఇక్కడ సమానత దానంతటదే సిద్ధించదు. కోర్సు ఏ విధానంలో సాగిందన్నదీ ముఖ్యమే. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదవబోయేవారు చేరిన తరువాత కాక, చేరకముందే నిబంధనలు చదువుకోవడం క్షేమం.

అర్హత, భాష

సాధారణంగా సర్టిఫికెట్ కోర్సులకు పదో తరగతి, బీటీహెచ్‌కు ఇంటర్మీడియట్, ఎంటీహెచ్‌కు బీడీ లేదా తత్సమానమైన పట్టా అర్హతగా ఉంటాయి. అమెరికా విధానంలోని ఎండీవ్‌కు ఏదైనా విషయంలో పట్టభద్రులై ఉండాలి. ఏటీఎస్ ప్రమాణాల ప్రకారం ఎండీవ్‌కు కనీసం 72 సెమిస్టర్ క్రెడిట్లు పూర్తిచేయాలి. ‘ఆరు నెలల్లో ఎండీవ్’ వంటి ప్రకటనలను ఈ కొలతతో తూచి చూడవచ్చు.

బోధనా భాషను నిర్లక్ష్యం చేయరాదు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి వేదాంత గ్రంథాల ఆంగ్లం సంభాషణల ఆంగ్లం కంటే క్లిష్టంగా తోస్తుంది. తెలుగులో బోధించే కోర్సు అందుబాటులో ఉండి, సేవచేయబోయేది తెలుగు సంఘంలోనే అయితే, ఆంగ్ల మాధ్యమ పట్టా కంటే అది ఎక్కువ ఉపకరించవచ్చు. పై చదువులకు వెళ్ళగోరేవారికి మాత్రం ఆంగ్లం అనివార్యం. విదేశీ కళాశాలలు టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, డ్యులింగో వంటి పరీక్షల ఫలితాలు అడుగుతాయి. డిగ్రీ ఆంగ్ల మాధ్యమంలో పూర్తిచేసినట్లు కళాశాల ఇచ్చే ధ్రువపత్రాన్ని కొన్ని సంస్థలు ప్రత్యామ్నాయంగా స్వీకరిస్తాయి. బీడీ, ఎండీవ్ స్థాయుల్లో గ్రీకు, హీబ్రూ భాషలు కూడా చదవవలసి రావచ్చు. వాటికి ఆన్‌లైన్‌లో నిత్యసాధన తప్పదు.

పత్రాలు, పేర్లు

దరఖాస్తుతో పాటు పదో తరగతి మెమో, ఇంటర్, డిగ్రీ మార్కుల మెమోలు, టీసీ, ఆధార్, ఫొటో, బాప్తిస్మ ధ్రువపత్రం, సంఘ కాపరి సిఫారసు లేఖ సాధారణంగా అడుగుతారు. విదేశీ కళాశాలలు విశ్వవిద్యాలయం నుంచి నేరుగా అందే ట్రాన్‌స్క్రిప్టులు కోరుతాయి. వీటికి వారాలు పట్టవచ్చు కాబట్టి అన్నిటికంటే ముందు ఈ పనినే ప్రారంభించాలి.

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పేర్ల తేడా తరచు ఎదురయ్యే సమస్య. పదో తరగతి మెమోలో ఒక పేరు, బాప్తిస్మ పత్రంలో మరో పేరు, సంఘంలో పిలిచే పేరు వేరొకటి ఉంటాయి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా ఉంటుంది. పట్టాపై ఏ పేరు రావాలో దరఖాస్తులోనే నిర్ణయమవుతుంది. పదో తరగతి మెమోలోని పేరునే అన్నిచోట్లా వాడి, బాప్తిస్మ పేరు వేరైతే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ జతచేయడం ఆచరణలో ఉన్న పద్ధతి.

బాప్తిస్మ పత్రానికి మరో పార్శ్వం ఉంది. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 సవరణతో సిక్కులకు, 1990 సవరణతో బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో బీసీ-సీ వర్గంలో చేర్చారు. ఎస్టీ హోదాకు మతంతో ఇటువంటి షరతు లేదు. ఒకే దరఖాస్తులో బాప్తిస్మ పత్రంతో పాటు ఎస్సీ ధ్రువపత్రాన్ని సమర్పిస్తే ఆ రెండూ తరువాతి కాలంలో ఉద్యోగ, ఎన్నికల, ఉపకారవేతన వివాదాలకు ఆధారాలు కావచ్చు. ఈ పరిస్థితిలో ఉన్నవారు దరఖాస్తుకు ముందే న్యాయవాది సలహా తీసుకోవడం అవసరం. కళాశాల తప్పనిసరి చేయని పత్రాన్ని సమర్పించవలసిన పనిలేదు. అడిగిన చోట అసత్యం రాయరాదు.

సాక్ష్యం, సిఫారసు లేఖ

వేదాంత కళాశాలల దరఖాస్తుల్లో లౌకిక కళాశాలలు అడగని భాగం ఒకటుంది. అభ్యర్థి తన విశ్వాస సాక్ష్యాన్ని, పరిచర్యకు పొందిన పిలుపును స్వయంగా రాసి పంపాలి. ఇది ప్రసంగం కాదు. ఎంపిక సంఘం ఇందులో మూడు విషయాలు చూస్తుంది: అభ్యర్థి విశ్వాసంలోకి ఎలా వచ్చారు, సంఘంలో ఇప్పటివరకు ఏమి చేశారు, ఈ కోర్సు తరువాత ఎక్కడ ఏమి చేయదలచారు. పెద్ద మాటలకంటే తేదీలు, స్థలాలు, చేసిన పనులు నమ్మకం కలిగిస్తాయి. ‘సండే స్కూలులో ఐదేళ్ళుగా బోధిస్తున్నాను’ అనే వాక్యం అందులో ఒక పేజీ భావోద్వేగం కంటే విలువైనది. ఇతరులు రాసిన సాక్ష్యాన్ని నకలు చేయడం, యంత్రంతో రాయించడం ఇంటర్వ్యూలో బయటపడుతుంది.

కొన్ని కళాశాలలు తమ విశ్వాస ప్రమాణంపై సంతకం కోరుతాయి. బాప్తిస్మ విధానం, స్త్రీల అభిషేకం, ఆత్మ వరాలు వంటి విషయాల్లో సంఘాల మధ్య భేదాలున్నాయి. సంతకం చేసేముందు దానిని పూర్తిగా చదవాలి. అంగీకరించలేని అంశం ఉంటే ముందే కళాశాలకు తెలియజేయడం ఉత్తమం.

సిఫారసు లేఖ రాసే కాపరికి కనీసం మూడు వారాల వ్యవధి ఇవ్వాలి. చాలా కళాశాలలు కాపరి ఈమెయిలుకు నేరుగా లింకు పంపుతాయి. ఈమెయిలు అలవాటు లేని పెద్దల విషయంలో లేఖను కాగితంపై రాయించి, సంతకం, సంఘం ముద్రతో స్కాన్ చేసి పంపవచ్చునా అని కళాశాలను అడగాలి. కాపరి పేరిట అభ్యర్థే ఈమెయిలు తెరిచి లేఖ పంపడం ఫోర్జరీ కిందకు వస్తుంది.

రుసుము, విదేశీ సహాయం

ప్రకటనలో కనిపించే మొత్తం చాలా సందర్భాల్లో ట్యూషన్ రుసుము మాత్రమే. దరఖాస్తు, నమోదు, పరీక్ష, పుస్తకాలు, స్నాతకోత్సవ రుసుములు వేరుగా ఉంటాయి. కోర్సు మొత్తానికి అయ్యే ఖర్చును, మధ్యలో మానుకుంటే తిరిగి చెల్లించే నిబంధనను రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. రుసుము సంస్థ పేరిట ఉన్న బ్యాంకు ఖాతాకే పంపాలి. వ్యక్తి పేరిట ఉన్న ఖాతాకో యూపీఐ నంబరుకో పంపమంటే ఆగి ఆలోచించాలి.

విదేశీ కళాశాలకు రుసుము పంపేవారు రిజర్వ్ బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద బ్యాంకు ద్వారా చెల్లించాలి. ఈ పథకంలో ఒక వ్యక్తికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. విదేశాల్లోని మిత్రులు విద్యార్థి రుసుము భరించదలిస్తే దానిని నేరుగా కళాశాలకే చెల్లించడం చిక్కులేని పద్ధతి. ఆ సొమ్ము స్థానిక సంఘం ఖాతాకు రావాలంటే ఆ సంఘానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి. ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరొకరికి బదిలీ చేయడాన్ని 2020 సవరణ నిషేధించింది.

సమయం, తరగతులు

విదేశీ కళాశాలల్లో తరగతుల వేళలు భారతీయ విద్యార్థికి అసలైన పరీక్ష. న్యూయార్క్‌లో సాయంత్రం 7 గంటలకు మొదలయ్యే తరగతి ఇక్కడ వేసవిలో మరునాటి తెల్లవారుజామున 4:30కు, చలికాలంలో 5:30కు వస్తుంది. అక్కడ మార్చి, నవంబరు నెలల్లో గడియారాలు మారుస్తారు. తరగతులు ప్రత్యక్షమా, రికార్డు చేసినవా, ప్రత్యక్షమైతే హాజరు తప్పనిసరా అన్నది దరఖాస్తు దశలోనే తెలుసుకోవాలి.

సంఘ పరిచర్యకు సిద్ధపరచే కోర్సుల్లో క్షేత్రశిక్షణ ఒక భాగం. ఆన్‌లైన్ విద్యార్థి దానిని తన ఊరి సంఘంలోనే, అర్హుడైన పర్యవేక్షకుడి కింద పూర్తిచేయాలి. పర్యవేక్షకుడిగా ఎవరు ఉంటారో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. క్షేత్రశిక్షణ గాని, అధ్యాపకులతో ముఖాముఖి గాని, రాతపని గాని లేకుండా పరిచర్యకు పట్టా ఇస్తామనే కోర్సు విద్యార్థిని దేనికి సిద్ధం చేస్తుందో ఆలోచించుకోవాలి.

రుసుము చెల్లించేముందు

దరఖాస్తు చేయగోరేవారు కళాశాలను ఐదు ప్రశ్నలు ఈమెయిలు ద్వారా అడిగి, సమాధానాలను భద్రపరచుకోవడం మంచిది. పట్టా ఏ సంస్థ పేరిట వెలువడుతుంది? ఆ సంస్థకు ఆ అధికారం ఏ చట్టం లేదా ఏ అక్రెడిటేషన్ ద్వారా వచ్చింది? గడచిన సంవత్సరాల్లో ఈ కోర్సు పూర్తిచేసినవారు ఎక్కడ పనిచేస్తున్నారు లేదా ఎక్కడ చదువుతున్నారు? అధ్యాపకులు ఎవరు, వారు ఎక్కడ చదివారు? మొత్తం ఖర్చు ఎంత, మానుకుంటే ఎంత తిరిగి వస్తుంది? నిజాయతీగల సంస్థకు ఈ ప్రశ్నలు కొత్త కావు, సమాధానమివ్వడానికి వెనుకాడదు. ‘ముందు చేరండి, తరువాత చెబుతాం’ అన్న జవాబు వస్తే రుసుము చెల్లించనవసరం లేదు.

ఆ తరువాత అదే పట్టా పేరును తన సంఘ కార్యాలయానికో, పై చదువుకు ఎంచుకున్న విశ్వవిద్యాలయానికో తెలిపి, అంగీకరిస్తారో లేదో విచారించాలి. తరగతుల ప్రారంభానికి మూడు, నాలుగు నెలల ముందు ఈ పని మొదలుపెడితే ట్రాన్‌స్క్రిప్టులకు, సిఫారసు లేఖలకు, అఫిడవిట్‌కు తగిన వ్యవధి దొరుకుతుంది. అడ్మిషన్ లేఖ, రుసుము రసీదులు, విద్యా కార్యాలయంతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు కోర్సు ముగిసి పట్టా చేతికి అందేవరకు జాగ్రత్తపరచుకోవాలి.